టర్స్ కోవ్ మేయరమ్మ

ట్రైఫీనా స్పెన్సర్ కౌన్సిల్‌కి ఎన్నికై వచ్చిన మొదటి సాయంత్రమే మార్టిమర్ పెద్దాయన ఆవిడని టీ పెట్టమన్నాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. మా సముద్రపు పల్లె టర్స్ కోవ్‌లో కౌన్సిల్ పుట్టినప్పటి నుంచీ ఆయనే మేయరు. ఆ బల్ల చుట్టూ ఎప్పుడూ మగవాళ్లే కూర్చున్నారు. ఆడమనిషి లోపలికి వచ్చిందంటే టీ కోసమే అనుకోవడం ఆయనకు అలవాటు. అప్పటికి ట్రైఫీనాకి ముప్పయ్యేళ్లు నిండలేదు. భర్త గార్లాండ్ నాలాగే పడవ మీద కాడ్ చేపల వేటకు వెళ్లేవాడు. నేను అంతకు ముందు ఎన్నికల్లోనే గెలిచి, బల్ల చివర కూర్చుని, పెద్దవాళ్లు తలూపినప్పుడల్లా తలూపుతుండేవాణ్ణి.

ఆవిడ మారుమాట్లాడకుండా లేచి టీ పెట్టింది. డబ్బా పాలు పోసి అందరికీ అందించి, తన కప్పు తను తీసుకుని కూర్చుంది. మొదటి గుక్కకే మార్టిమర్ ముఖం అదోలా అయిపోయింది.

"ఇదేంటమ్మా ఇలా ఉంది? చక్కెర అనుకుని ఉప్పేశావా?"

"లేదు పెద్దాయనా. కింది బావి నీళ్లు."

మిగతావాళ్లు కప్పులు దించేశారు. ఆవిడ మాత్రం నింపాదిగా తాగుతోంది.

"మీటింగుకి ఎప్పుడూ కొండ మీద మీ ఇంటి ఊటనీళ్లు తెప్పిస్తారట కదా. ఇవాళ ఎవరూ తేలేదు. అందుకని వస్తూ వస్తూ మా బావిలోంచి ఓ బకెట్ పట్టుకొచ్చా. మా ఇళ్లల్లో రోజూ ఇదే టీ. వేడిమీదే తాగేయండి, చల్లారితే వాసనొస్తుంది."

తాగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. సముద్రం పోటెత్తినప్పుడు కింది బావి ఉప్పగా మారేది, ఆకులు రాలే కాలంలో మట్టిరంగు తిరిగేది. ఊరి ఆడవాళ్లూ పిల్లలూ గుండ్రటి చెక్క చట్రం మధ్యలో నిలబడి, బకెట్లు కాళ్లకు తగలకుండా దాన్ని అడ్డం పెట్టుకుని, మంచు మీద జారుతూ ఆ నీళ్లే మోసేవాళ్లు. మా అమ్మా మోసింది, నా భార్యా మోసింది. నేనెప్పుడూ దాని గురించి ఆలోచించింది లేదు. ఆ రోజు మీటింగులో అసలు మాట్లాడాల్సింది పడవల రేవుకి రంగు వేయించే సంగతి. టీ అయ్యాక దాని ఊసెత్తినవాడు లేడు.

కొండ మీద సరస్సు ఉంది. అక్కడి నుంచి పైపు వేస్తే ప్రతి ఇంటికీ కుళాయి వస్తుంది. కానీ మా తీరమంతా నల్లరాయి. పార దిగదు, మందుగుండు పెట్టి పేల్చాలి. ఊరికి రోడ్డు లేదు, ఏం తేవాలన్నా ఫెర్రీ మీదే. గుప్పెడు ఇళ్ల కోసం అంత ఖర్చు చేయబోమని ప్రభుత్వం జవాబు రాసింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే జవాబు.

ట్రైఫీనా ఉన్ని ఉండలు సంచిలో వేసుకుని ఫెర్రీ ఎక్కింది, తర్వాత బస్సు ఎక్కింది, రాజధాని సెయింట్ జాన్స్ వెళ్లి మంత్రిగారి ఆఫీసు వరండాలో కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. తోడుగా నన్ను పంపారు. రెండో పూటకే నాకు సిగ్గుగా అనిపించింది. గుమాస్తాలు వచ్చేవాళ్లు, చూసేవాళ్లు, పోయేవాళ్లు.

"మంత్రిగారికి ఈ వారమంతా తీరిక లేదమ్మా" అన్నాడొకడు.

"పర్లేదు నాయనా. నా దగ్గర ఉన్ని చాలా ఉంది" అంది.

చివరికి మంత్రే బయటకి వచ్చాడు. లావుపాటి మనిషి, అలసిపోయి ఉన్నాడు. "ఇంకా ఇక్కడే ఉన్నారా తల్లీ? నేనేం చేయాలని?" అన్నాడు. ఈవిడ లేచి, బూడిదరంగు మీద తెల్లపూలు అల్లిన ఒక చేతితొడుగు ఆయన చేతికిచ్చింది. ఆయన తొడుక్కుని చూసుకున్నాడు. అచ్చంగా సరిపోయింది.

"బాగుంది. మరి రెండోదేది?"

"అది మా ఊళ్లో కుళాయి దగ్గర ఉంటుందండీ. నీళ్లొచ్చిన రోజు వచ్చి తీసుకెళ్లండి."

మంత్రి పడీ పడీ నవ్వాడు. ఆ పై ఎండాకాలంలోనే ఇంజినీర్లు దిగారు. రాయి పేల్చి, పైపు పరిచి, కొండ పక్కన పంపు గది కట్టడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఈలోపు ఆ మంత్రి ఎన్నికల్లో ఓడిపోయాడు కూడా. అయినా కుళాయి తిప్పిన రోజు మామూలు మనిషిగా ఫెర్రీ దిగి వచ్చాడు, జేబులో ఆ ఒక్క తొడుగు పెట్టుకుని. ట్రైఫీనా రెండోది ఇచ్చింది. ఆయన రెండూ వేసుకుని, కుళాయి కింద దోసిలి పట్టి, ఉన్ని తడిసిపోతున్నా పట్టించుకోకుండా తాగాడు. మా అమ్మ తన వంటింట్లో కుళాయి తిప్పడం, కట్టడం, మళ్లీ తిప్పడం, పొద్దుగూకేదాకా అదే పని.

ఆ తర్వాత మార్టిమర్ తప్పుకున్నాడు, ఈవిడ మేయరైంది. ఆవిడకంటే నేనే బాగా చేస్తాననుకుని రెండుసార్లు పోటీ చేశాను, రెండుసార్లూ ఓడాను. రెండోసారి మా ఆవిడే నాకు ఓటు వేయలేదు. "నువ్వు గెలిస్తే పైపు పగిలినప్పుడు ఎవర్ని లేపాలి, నిన్నా?" అంది. మూడో ఎన్నికకి ట్రైఫీనా మా ఇంటికి వచ్చింది.

"లెమ్, ఈసారి కూడా నిలబడతావా, లేకపోతే నాతో పనిచేస్తావా?"

"పని చేస్తే ఏమిస్తావక్కా?"

"నాకిచ్చేదే నీకూ."

అంటే ఏమీ లేదన్నమాట. మా కౌన్సిల్లో జీతాల్లేవు. అలా డిప్యూటీ మేయర్ని అయ్యాను. ముప్పయ్యేళ్లకు పైగా ఆవిడ పక్కన కూర్చున్నాను.

తొంభై రెండులో కాడ్ వేట ఆపేశారు. సముద్రంలో చేప అడుగంటిందని, ఇకపై వల వేయకూడదని రేడియోలో చెప్పారు. మా ముత్తాతల కాలం నుంచి మాకు తెలిసిన పని అదొక్కటే. ఆ వారం ఊళ్లో చప్పుడు లేదు. మగవాళ్లు ఇళ్లలోంచి బయటికి రావడం మానేశారు. ట్రైఫీనా ఉపన్యాసం ఏదీ ఇవ్వలేదు. ఊరి హాలు తలుపులు తీసి, ఉప్పు చేపా, నానబెట్టిన గట్టి రొట్టే, వేయించిన కొవ్వు ముక్కలూ వండించి, ఒక్కొక్క ఇంటికీ వెళ్లి మనుషుల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "తిండికి లేక పిలుస్తున్నానా? ఒక్కడివే కూర్చుంటే పిచ్చెక్కుతుంది, రా" అనేది. కూర్చున్నవాళ్లకి పని చూపించింది. రేవు అలల గోడ అప్పుడు కట్టిందే. ప్రభుత్వం ఇచ్చిన ఉపాధి డబ్బుతో కట్టించింది.

కానీ సొంత మొగుణ్ణి మాత్రం లేపలేకపోయింది. గార్లాండ్ గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. తిండి అక్కడికే, మాటలు లేవు. ఊరందరి మొగుళ్లనీ లేపుతుంది, తన మొగుణ్ణి లేపుకోలేదని ఎవరో అంటే ఆవిడ చెవినా పడింది.  ఆ శీతాకాలం ముందు పంపు గది పైకప్పు గాలికి లేచింది. వడ్రంగులెవరూ దొరక్క, నడివయసులో ఆవిడే నిచ్చెన వేసుకుని ఎక్కి, రేకులకి మేకులు కొట్టడం మొదలుపెట్టింది. ఆ పంపు గది వాళ్లింటి కిటికీకి ఎదురుగానే ఉంటుంది. చాలాసేపు సుత్తి చప్పుడు వినిపించింది. ఒక దెబ్బ మేకుకి, రెండు దెబ్బలు రేకుకి. కాసేపటికి ఇంటి తలుపు తెరుచుకుంది. గార్లాండ్ లోపలి బట్టల మీదే బూట్లు తొడుక్కుని బయటికొచ్చాడు.

"దిగవే! ఆ రేకు నీకేం అన్యాయం చేసింది?" అని అరిచాడు.

ఆవిడ దిగింది, ఆయన ఎక్కాడు. కింద నిలబడి మేకులందిస్తూ ఆవిడ ఏడ్చింది. నేను రేవు నుంచి వస్తూ చూసి, చూడనట్టు పక్కదారిన పోయాను. ఆ తర్వాత చనిపోయేదాకా పంపు గది గార్లాండ్‌దే. మరమ్మతులన్నీ ఆయనే చేశాడు.

చేప పోయాక పిల్లలు పడమటికి, ఆల్బెర్టా చమురు పనులకి పోయారు. బడి మూసేశారు. నర్సు రావడం తగ్గింది. అప్పుడు ప్రభుత్వం కొత్త మాట తెచ్చింది. ఊరు ఊరంతా ఖాళీ చేసి వెళ్లిపోతే ప్రతి ఇంటికీ వేరేచోట బతకడానికి సరిపడా డబ్బు ఇస్తాం, ఫెర్రీ, కరెంటు ఆపేస్తాం. అయితే పదిమందిలో తొమ్మండుగురు ఒప్పుకోవాలి. ఓటు రహస్యం.

అందరూ మేయరమ్మ వైపు చూశారు. ఆవిడ నోరు విప్పలేదు. ఇంటింటికీ వెళ్లి షరతులు చదివి వినిపించింది, సందేహాలు తీర్చింది. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. "నా అభిప్రాయం మీకు అప్పగిస్తే అది మీ ఓటు ఎలా అవుతుంది?" అని తేల్చేసింది.

సర్కారు మనుషులు వచ్చి ఓట్లు లెక్కపెట్టారు. వద్దంటామని ముందే చెప్పిన ఇద్దరు ముగ్గురు కాక ఇంకెవరో కూడా వద్దని వేశారు, దాంతో ఒక్క ఓటు తగ్గింది.

ఒక్కటి. ఆ ఒక్కటి ఎవరిదో ఊరికి ఇట్టే తెలిసిపోయింది, తెలిసిందనుకున్నారు. నీళ్లు తెచ్చిన మనిషి, అన్నేళ్లు కుర్చీలో కూర్చున్న మనిషి, ఊరే లేకపోతే మేయరెక్కడ? చర్చిలో ఆవిడ కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. కొట్లోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఎవరో ఆవిడ పడవ తాడు కోసేశారు. అది రాళ్లకి కొట్టుకుని బద్దలైంది. గార్లాండ్ అప్పటికే పోయాడు, ఇంట్లో ఒక్కతే.

ఒకరోజు నేనుండబట్టలేక అడిగేశాను. "అక్కా, నాకైనా చెప్పు. ఎలా వేశావు ఓటు?"

"పెన్సిల్‌తో" అంది.

ఆ ఓటు తర్వాతి రెండు శీతాకాలాలూ ఆవిడ్ని నేను చూసినట్టు ఇంకెవరూ చూడలేదు. రెండో ఫిబ్రవరిలో వెల్మా ఇంటి కింద పైపు గడ్డకట్టింది. వెల్మా అంటే పడవ తాడు కోసినవాడెవడో తెలిసీ నవ్వినావిడ. ఆల్బెర్టాలో మనవలు, వాళ్ల దగ్గరికి పోవాలని ప్రాణం. ట్రైఫీనా డెబ్భై దాటిన మనిషి, గ్యాస్ మంట గొట్టం పట్టుకుని, రాళ్ల మీద ఎత్తుగా నిలిపిన ఆ ఇంటి నేల కిందికి బోర్లా పాక్కుంటూ దూరింది. నేను బయట దీపం పట్టుకున్నాను. పైన వెల్మా నేల మీద కాలితో తన్నింది.

"ఏమమ్మా మేయరమ్మా! నీ పుణ్యాన మేమింకా ఇక్కడే గడ్డకట్టి చస్తున్నాం! సంతోషమేనా?"

కింద మంట బుస్సుమంటున్న చప్పుడే. చాలాసేపటికి ఆవిడ గొంతు వినబడింది.

"కుళాయి తిప్పి చూడు, వెల్మా."

నీళ్లొచ్చాయి. ట్రైఫీనా బయటికొచ్చి మోకాళ్ల మీది మంచు దులుపుకుంది. కనుబొమలు కాస్త కాలాయి. "పక్కింటిది కూడా చూసేద్దాం లెమ్, ఇవాళ గాలి ఉత్తరం నుంచి ఉంది" అంది. కోపం ఉందేమోనని ఆవిడ ముఖంలోకి వెతికాను. లేదు. చలి ఉంది, అంతే.

వసంతంలో మళ్లీ ఓటు పెట్టాలా వద్దా అని హాల్లో ఊరి సభ జరిగింది. అరుపులు మొదలయ్యాయి. "మళ్లీ పెట్టి ఏం లాభం? అడ్డుపడేవాళ్లు కుర్చీలోనే ఉన్నారుగా!" అన్నాడొకడు. ట్రైఫీనా సభ నడిపే బల్ల దగ్గర చేతులు కట్టుకుని వింటోంది.

వెనక వరసలో ఆబ్నర్ తాత లేచాడు. మా ఊళ్లో అందరికంటే పెద్దవాడు, తొంభై దాటినవాడు. భార్యా, ఇద్దరు కొడుకులూ మా శ్మశానంలోనే ఉన్నారు. లేవడానికే ఆయనకు కాస్త టైము పట్టింది. హాలు సద్దుమణిగింది.

"ఆ ఓటు నాది" అన్నాడు.

"ఏంటి తాతా?"

"చెవుడు నాకా నీకా? వద్దని వేసింది నేను. ఆ మర్నాడే ట్రిఫ్‌కి చెప్పాను కూడా. 'నాకు చెప్పకూడదు తాతా, నేను వినలేదు' అని టీ పోసింది. రెండేళ్లు! మీరు ఆవిడ పడవ పగలగొట్టారు. పొద్దున్నే ఎదురైతే పలకరించడం మానేశారు. 'తాతా, నువ్వే చెప్పెయ్యి' అని ఒక్కసారి, ఒక్కసారైనా అందేమో అడగండి. నా ఓటు మార్చుకోమని కూడా అనలేదు. వారం వారం వచ్చి నా పొయ్యిలోకి కట్టెలు పెట్టి పోయింది."

ఆయన ఊపిరి తీసుకున్నాడు. ఎవరూ తల ఎత్తలేదు.

"ఊరు పోతుందని భయపడి వద్దన్నాను నాయనలారా. ఈ రెండేళ్లూ చూశాక తెలిసింది, అది ఎప్పుడో పోయింది. మళ్లీ ఓటు పెట్టండి. నేను కూడా వస్తాను."

కూర్చున్నాడు. వెల్మా లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. ఏమంటుందోనని అందరం చూస్తున్నాం.  ట్రైఫీనాయే ఆవిడ భుజం తట్టి, "కూర్చో తల్లీ, సభ ఇంకా అయిపోలేదు" అంది. తర్వాత అందరివైపూ తిరిగింది. 

"తాత చెప్పకుండా ఉండాల్సింది. రహస్యం ఓటంటే రహస్యమే. ఇక ముందైనా ఎవరూ ఎవర్నీ అడగొద్దు. ఓటు పెట్టాలన్నవాళ్లు చేతులెత్తండి."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క మాట అంటే తీరిపోయేది. ఆ మాట అంటే ముసలాయన మిగిలిన కాలం ఊరి కోపం మోయాలి. అందుకని ఆవిడే మోసింది, అది కూడా ఎవరికీ కనబడకుండా. మేం ఇద్దరం ఒకే కౌన్సిల్ బల్ల దగ్గర ముసలివాళ్లమయ్యాం. అంత మనిషి పక్కన ఇన్నేళ్లు కూర్చున్నానా అనిపించింది.

ఈసారి ఓటు గెలిచింది. ఊరు వెళ్లిపోతోంది.

ఆఖరి ఏడాది ఆవిడ పనిచేసినట్టు మొదటి ఏడాదిలో కూడా చేయలేదేమో. కుళాయిలు తెచ్చేటప్పుడు ఎంత పట్టుదలో, ఊరు మూసేటప్పుడూ అంతే. శ్మశానం కంచెకి కొత్త గుంజలు వేయించింది. సముద్రంలోకి నూనె కారకుండా ఇంధనం ట్యాంకులు ఖాళీ చేయించింది. ఎండాకాలంలో సమాధులు చూసుకోవడానికి వచ్చేవాళ్ల కోసం రేవు మెట్లు బాగుచేయించింది. ఆబ్నర్ తాతకి కొత్తచోట సముద్రం కనబడే గది కావాలని పట్టుబట్టి ఇప్పించింది.

చివరిరోజు ఫెర్రీ కూత వేసి పిలుస్తోంది. సామాన్లూ మనుషులూ ఎక్కేశారు. ఆవిడా నేనూ పంపు గదికి వెళ్లాం. ఆవిడ చక్రం తిప్పి సరస్సు నీళ్లు కట్టేసింది. తర్వాత ఊరంతా నడిచి ఒక్కో పైపు మూత తీసి, లోపలి నీళ్లు పూర్తిగా బయటికి పోయేదాకా నిలబడింది.

"అక్కా, ఇంక ఎవరు తాగుతారని? పోనీ, పగిలితే పగలనీ" అన్నాను.

"శీతాకాలంలో పగిలితే నీళ్లు శ్మశానం దారి మీదికి పారతాయి లెమ్. దారి కోసుకుపోతుంది. ఆ మూత గట్టిగా బిగించు, నీ బిగింపు నాకు తెలుసు."

బిగించాను. ఆవిడ మళ్లీ వచ్చి ఇంకొంచెం బిగించింది. కరెంటు మనిషి జనరేటర్ ఆపాడు. ఎప్పుడూ ఉండే ఆ రొద ఆగిపోయేసరికి అలల చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. ఆవిడ కాసేపు నిలబడి విని, "పద, వాళ్లు ఎదురుచూస్తున్నారు" అంది. పడవలో వెనక్కి చూడలేదు. వెల్మాకి సముద్రం పడక వాంతులవుతుంటే వీపు రాస్తూ కూర్చుంది.

మాలో చాలామందిమి బ్రేసీ హార్బర్‌కి చేరాం. రోడ్డున్న ఊరు, కొట్లున్న ఊరు. ఆబ్నర్ తాత తన కిటికీ దగ్గర రెండేళ్లు హాయిగా కూర్చుని పోయాడు. ఆయన్ని పడవ మీద తీసుకెళ్లి భార్య పక్కనే పెట్టి వచ్చాం.

బ్రేసీ హార్బర్‌కి వచ్చిన మొదటి శీతాకాలంలోనే, ముసలివాళ్లు ఆసుపత్రికి నడిచే బాట మీద మంచు తీయడం లేదని ట్రైఫీనా ఆ ఊరి కౌన్సిల్ మీటింగుకి వెళ్లింది. జనం కూర్చునే కుర్చీల్లో ఆఖరిది చూసుకుని కూర్చుంది. అక్కడి మేయరు చిన్నవాడు. చెయ్యెత్తితే, "మీరెవరమ్మా?" అన్నాడు. నలభై ఏళ్లు మేయరుగా చేసిన మనిషని చెబుదామని నేను లేవబోయాను. ఆవిడ నా కోటు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఓటరుని నాయనా" అని, బాట సంగతి చెప్పింది. మర్నాడు మంచు తీశారు.

తర్వాతి ఎన్నికలకి నామినేషన్ వేస్తానంటే ఉలిక్కిపడ్డాను. "ఇంక చాలదా అక్కా?"

"ఏం చాలాలి?" అంది. నిజంగానే అర్థం కానట్టు చూసింది.

గెలిచింది. ఇప్పుడు ఎనభైకి దగ్గర్లో ఉంది, చెయ్యి వణుకుతుంది, మెట్లెక్కేటప్పుడు ఆగుతుంది. పోయిన మంగళవారం నేనూ మీటింగుకి వెళ్లాను. ఎవరో పరాయి మనిషి తన ఇంటి ముందు కాలవ పూడిపోయిన సంగతి ఎత్తుకుని, తండ్రి కాలం నుంచీ మొదలుపెట్టి చెబుతున్నాడు. మిగతా సభ్యులు గడియారం చూసుకుంటున్నారు. ట్రైఫీనా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఆ మనిషి వైపే పూర్తిగా తిరిగి, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు తగలకుండా చివరిదాకా వింది.

"ఇల్లెక్కడన్నావు?" అని అడిగింది. "పొద్దున్నే వచ్చి చూస్తాను. పార నీ దగ్గరుందా, నన్ను తెచ్చుకోమంటావా?"